ముందు సేవ, తర్వాతే పాఠం

మనం దీపాలు వెలిగించే కార్తీక పౌర్ణమి నాడే సిక్కులు గురునానక్ జయంతి జరుపుకుంటారు. ఆ రోజు ఏ గురుద్వారాకు వెళ్లినా, తలకు పట్కా కట్టుకున్న చిన్న పిల్లలు ఉమ్మడి భోజనశాల అయిన లంగర్‌లో బంతి వెంట తిరుగుతూ రొట్టెలు పంచుతుంటారు. ఇంకొందరు బయట చెప్పులు సర్దుతుంటారు. వాళ్లలో చాలామందికి గురుముఖి లిపి చదవడం ఇంకా రాదు. అయినా తమ మతంలో మొదటి పాఠం వాళ్లకు వచ్చేసింది. పసివాళ్లకు మతాన్ని పరిచయం చేయడానికి ఇంతకన్నా మంచి దారి లేదని నా నమ్మకం.

కష్టపడి సంపాదించు, నలుగురితో పంచుకుని తిను, దేవుణ్ణి తలుచుకో అన్నారు గురునానక్. వీటిలో పంచుకోవడం నాలుగేళ్ల బిడ్డకూ చేతనవుతుంది. లాభసాటి బేరం చేసుకు రమ్మని తండ్రి ఇచ్చిన ఇరవై రూపాయలతో నానక్ ఆకలిగొన్న సాధువులకు అన్నం పెట్టారనే కథ విన్న పిల్లలకు ఇక వివరణ అక్కర్లేదు. తనను చూడవచ్చినవారు ఎంతటివారైనా ముందు అందరితో కలిసి నేల మీద కూర్చుని భోంచేయాలని మూడో గురువు అమర్‌దాస్ నియమం పెట్టారు. కులం లేదని వందసార్లు చెప్పడం కన్నా ఆ బంతిలో ఒక్కసారి కూర్చోబెట్టడం మేలు.

అలాగని పిల్లలు అడిగే ప్రశ్నలను దాటవేయకూడదు. జుట్టు ఎందుకు కత్తిరించుకోకూడదని అడిగితే, దేవుడిచ్చిన రూపాన్ని అలాగే కాపాడుకుంటామని చెప్పవచ్చు. పుస్తకానికి ఎందుకు మొక్కుతామంటే, 1708లో గురు గోవింద్ సింగ్ తన తర్వాత గ్రంథ్ సాహిబే గురువని చెప్పారనాలి. అందులో నేతపని చేసిన కబీరు, చెప్పులు కుట్టిన రవిదాసు, సూఫీ ఫరీదు పలుకులూ ఉన్నాయని కూడా చెప్పాలి.

సాహిబ్‌జాదాల కథ దగ్గర మాత్రం పెద్దలు జాగ్రత్తపడాలి. గురు గోవింద్ సింగ్ చిన్న కొడుకులు జొరావర్, ఫతే పదేళ్లయినా నిండకుండానే సిర్‌హింద్‌లో ప్రాణాలిచ్చారు. 2022 నుంచి ఏటా డిసెంబర్ 26న బడుల్లో వీర్ బాల్ దివస్ జరుపుతున్నారు. ఆ పిల్లల ధైర్యం చెప్పండి. వాళ్లను గోడలో పూడ్చిన వర్ణనలు ఇంకొన్నేళ్లు ఆగవచ్చు. వాళ్లను చంపడం తప్పని సిర్‌హింద్ కొలువులోనే ఎదురు చెప్పిన మలేర్‌కోట్ల నవాబు షేర్ మొహమ్మద్ ఖాన్ పేరు తప్పక చెప్పండి. ఆయన లేకుండా చెబితే ఆ కథ పసి మనసులో చంపినవారి మతం మీదే ద్వేషం నాటుతుంది.

తొందర ఎందుకు వద్దో సిక్కుల నియమావళే చెబుతోంది. దీక్షగా అమృతం పుచ్చుకునేవారు మరీ పసివారై ఉండకూడదని, వివేకం వచ్చి ఉండాలని అందులో ఉంది. మాట ఇచ్చే వయసు తర్వాత వస్తుంది. బాల్యం పరిచయానికే.

ఈ పరిచయం మన పిల్లలకూ కావాలి. గురు గోవింద్ సింగ్ తనువు చాలించిన నాందేడ్ మన గోదావరి ఒడ్డునే ఉంది. 1699లో దీక్ష పొందిన సిక్కుల సమూహమైన ఖాల్సాకు తొలి పిలుపందుకున్న ఐదుగురిలో సాహిబ్ చంద్‌ది పక్కనున్న బీదర్. హైదరాబాద్‌లో నిజాం కాలం నుంచి తరతరాలుగా సిక్కులున్నారు. అయినా తరగతిలో పట్కా కట్టుకున్న పిల్లవాడు కనిపిస్తే లాగి ఏడిపించేవాళ్లున్నారు. ఆ అలవాటు మనం ఇంట్లో చెప్పుకునే సర్దార్జీ జోకుల నుంచే వస్తుంది. ముందు వాటిని మానేయండి. ఒక ఆదివారం పిల్లల తలకు రుమాలు కట్టి దగ్గర్లోని గురుద్వారాకు తీసుకెళ్లండి. బంతిలో కూర్చోబెట్టండి. తిన్నాక వాళ్ల చేత కూడా నలుగురికి వడ్డింపజేయండి.