బ్రౌజర్‌తోనే ఫోన్‌కు కొత్త ఓఎస్!

ఫోన్‌లో ఆపరేటింగ్ సిస్టమ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలంటే ఒకప్పుడు పెద్ద తతంగమే. మీ కంప్యూటర్‌కు సరిపడే సాఫ్ట్‌వేర్ వెతుక్కుని, నల్లటి తెరపై కమాండ్లు టైప్ చేయాలి. గూగుల్ పిక్సెల్ ఫోన్లున్నవారికి ఇప్పుడా బెడద లేదు. క్రోమ్ లేదా ఎడ్జ్ బ్రౌజర్‌లో 'ఆండ్రాయిడ్ ఫ్లాష్ టూల్' సైట్ తెరిచి, ఫోన్‌ను కేబుల్‌తో కలిపి, తెరపై చెప్పినట్లు చేస్తే సరి. విండోస్, మ్యాక్, లినక్స్... ఏదైనా ఒకటే పద్ధతి.

కిటుకంతా 'వెబ్‌యూఎస్‌బీ'లో ఉంది. వెబ్‌పేజీ నేరుగా యూఎస్‌బీ పరికరంతో మాట్లాడే ఈ ఏర్పాటు 2017లో క్రోమ్ 61తో వచ్చింది. మరి ప్రతి సైటూ మన ఫోన్‌లోకి చొరబడుతుందా? లేదు. బ్రౌజర్ ముందు మీ అనుమతి అడుగుతుంది. మీరు ఎంచుకున్న పరికరాన్నే సైట్ ముట్టుకోగలదు. కాబట్టి తెలియని సైట్లకు ఆ అనుమతి ఇవ్వకండి.

అసలు జాగ్రత్త మరొకటుంది. ఇందుకు ఫోన్ బూట్‌లోడర్‌ను అన్‌లాక్ చేయాలి. చేశారో... పిల్లల ఫోటోలు, వీడియోలు, మెసేజ్‌లు సమస్తం చెరిగిపోతాయి. తిరిగి లాక్ చేసినా అంతే! పైగా సెట్టింగ్స్‌లోని డెవలపర్ ఆప్షన్స్‌లో 'ఓఈఎం అన్‌లాకింగ్'ను ఫోన్ పనిచేస్తున్నప్పుడే ఆన్ చేసుకోవాలి. పూర్తిగా మొరాయించాక ఆ వీలుండదు. అందుకే ముందు బ్యాకప్, ఆ తర్వాతే ఇన్‌స్టాల్!