కరికులం అర్థం కానిది ఎవరికి?

రాష్ట్ర పాఠ్యప్రణాళిక బాధ్యతలు చూస్తున్న పెద్దలకు, నల్లగొండ జిల్లాలోని ఒక తండా బడి ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) నమస్కరించి రాయునది.

మొన్నటి స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒక పెద్దాయన సెలవిచ్చిన మాట మాకందరికీ గుర్తుంది. ప్రాథమిక బడుల్లో పిల్లలు వెనకబడటానికి కారణం టీచర్లకు కరికులం అర్థం కాకపోవడమేనట. అందుకని మళ్లీ రెండు రోజుల శిక్షణ, చివర మాకో పరీక్ష, పాఠ్యపథకానికి ఇంకో కొత్త నమూనా. సంతోషం. నాకు అర్థమైందేమిటో ఇక్కడే రాస్తున్నాను, పరీక్షకు ముందే దిద్దుకోవచ్చు.

2011 నాటి విద్యా ప్రణాళిక పరిధి పత్రం చదివాను. బట్టీ చదువు వద్దని, బడి బయటి బతుకుతో పాఠాన్ని కలపమని అందులో ఉంది. ఆ తర్వాత వచ్చిన పుస్తకాల్లో ఆ దృష్టి కనిపిస్తుంది, కాదనను. 2022 ఆగస్టు 15న తొలిమెట్టు కార్యక్రమం మొదలైంది. బిడ్డ ఏ తరగతిలో ఉందని కాదు, ఏ స్థాయిలో ఉందో చూసి అక్కడి నుంచి ఎత్తుకోమంది. అదీ మంచిదే.

ఇప్పుడు ఈ రెంటినీ ఒకే గదిలో పెట్టండి. మూడో తరగతి పిల్ల గుణింతాల దగ్గర ఆగిపోయింది. తొలిమెట్టు ప్రకారం ఆమెకు గుణింతాలే చెప్పాలి. నెలవారీ సిలబస్ ప్రకారం ఆ నెల పాఠాలు పూర్తి కావాలి, ఎఫ్ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం) ప్రశ్నలు వాటి నుంచే వస్తాయి. బడి చూడవచ్చిన ఒకరు సిలబస్ ఎంతవరకు వచ్చిందంటారు. ఇంకొకరు ధారాళంగా చదివేవాళ్లు ఎందరంటారు. ఇద్దరికీ రిజిస్టర్లు చూపించాలి. వీటిలో కరికులం ఏది సార్? ఒకదాన్ని ఎంచుకుంటే రెండోదానికి సంజాయిషీ ఎవరివ్వాలి?

లెక్క కూడా చెబుతాను. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లీషు, గణితం. మూడు నుంచి ఐదు దాకా పరిసరాల విజ్ఞానం అదనం. మొత్తం పద్దెనిమిది సబ్జెక్టులు, ఇద్దరు టీచర్లు. అరవై మంది లోపు పిల్లలకు ఇద్దరు చాలంటుంది విద్యాహక్కు చట్టం. తరగతులు ఎన్నని అది అడగదు. ఇద్దరిలో ఒకరు సెలవు పెడితే ఐదు తరగతులూ ఒకే వరండాలో కూర్చుంటాయి. మీ కొత్త నమూనాలో ఒక్కో పీరియడ్‌కు ఒక్కో తరగతికే గడి ఉంది. బహుతరగతి బోధనకు ఏ గడీ లేదు.

2022-23 నుంచి పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. మా పిల్లలకు బడికొచ్చేదాకా తెలిసింది లంబాడీ. వాళ్లకు రెండు పేజీలూ కొత్తవే. సొంత మాటల్లో రాయమంటుంది అభ్యాసం; లంబాడీలో చెబితే మార్కులు వేయవచ్చా? వేయవచ్చంటే ఆ మాట ఏ సర్క్యులర్‌లోనూ ఎందుకు కనబడదు? మీ పెద్దలనడిగి తెలుసుకోండి అంటుంది ప్రాజెక్టు పని. ఆ పెద్దల్లో సగం మంది హైదరాబాద్‌లో కూలి అడ్డా మీద ఉన్నారు.

మాకు అవగాహన లేదనే ముందు మా సమయం ఎటు పోతోందో చూడండి. 2024 నవంబరులో ఇంటింటి సర్వేకు మమ్మల్నే పంపారు, ఒంటిపూట బడులు నడిపారు. ఓటర్ల జాబితాలు, యాప్‌లలో ఫొటోలు, మధ్యాహ్న భోజనంలో గుడ్ల లెక్క సరేసరి. ఇవన్నీ పాత పాటే, మీకూ తెలుసు. తెలిసే, మళ్లీ శిక్షణే మందంటున్నారు. మూడో తరగతికల్లా ప్రతి బిడ్డకూ చదవడం, లెక్కలు చేయడం రావాలన్న నిపుణ్ భారత్ లక్ష్యానికి గడువు 2026-27. ఆ గడువు దాటాక తప్పెవరిదంటారో మాకిప్పుడే తెలిసిపోయింది.

ఈ ప్రణాళికలు రాసిన కమిటీల్లో ఇద్దరు టీచర్ల బడి నుంచి వచ్చినవారు ఎందరున్నారు? మా పాఠ్యపథకాలు ఇన్నేళ్లుగా మీకు చేరుతున్నాయి కదా, ఎవరైనా చదివారా? చదివితే ఏం తేలింది?

శిక్షణకు వస్తాం, పరీక్షా రాస్తాం. ఆ రెండు రోజుల్లో ఒక్క పూట మీరు మైకు కింద పెట్టి మమ్మల్ని మాట్లాడనివ్వండి. గుణింతాల దగ్గర ఆగిన ఆ పిల్లకు రేపు ఏ పాఠం చెప్పాలో ఆ పూట తేల్చి, కాగితం మీద పెట్టి ఇవ్వండి.