ఇంటింటా ఇంగ్లీషు: ‘మీ ఇష్టం’ అనే ముందు



కిందటి వారం రైలు ప్రయాణంలో పనికొచ్చే ఇంగ్లీషు మాటలు నేర్చుకున్నాం కదా. ఈ వారం నిర్ణయాలు చెప్పే మాటలు చూద్దాం. ‘పొద్దున్నే ఇడ్లీయా, ఉప్మానా అని తప్ప మనం నిర్ణయించేవి ఏమున్నాయమ్మా’ అని నవ్వకండి. ఈ మాటలు రాక నేనెంత ఇబ్బంది పడ్డానో చెబితే మీకే తెలుస్తుంది.

నాకు నలభై రెండో ఏట నెలసరి గాడి తప్పింది. పదేసి రోజులు ఆగేది కాదు. మెట్లెక్కితే ఆయాసం, పని చేస్తే నీరసం. మా వారు పట్నంలో ఒక ఆస్పత్రికి తీసుకెళ్ళారు. స్కానింగు చూసి, గర్భసంచిలో గడ్డలున్నాయని డాక్టరుగారు చెప్పారు. ఆ తర్వాత నన్ను వదిలేసి మా వారితో ఇంగ్లీషులో మాట్లాడటం మొదలుపెట్టారు. నాకు చెవిన పడ్డవి రెండే మాటలు: ‘రిమూవ్’, ‘డెసిషన్’. మా వారు నా వైపు తిరిగి ‘ఏమంటావ్?’ అన్నారు. పాతికేళ్ళ అలవాటు కదా, ‘మీ ఇష్టం’ అనేశాను. గురువారం ఆపరేషనన్నారు.

ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు. ఒక్క పట్టుచీరకి పది కొట్లు తిరిగి బేరమాడేదాన్ని, నా ఒంట్లో భాగం తీసేస్తామంటే ‘మీ ఇష్టం’ అన్నానేమిటి అనిపించింది. తెల్లవారగానే మా అమ్మాయిని కూర్చోబెట్టి నాలుగు ఇంగ్లీషు వాక్యాలు నేర్చుకున్నాను. చీటీ మీద తెలుగులో రాసుకుని మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళాను. ‘తెలుగులోనే అడగొచ్చు కదా’ అంటారా? అడగొచ్చు, అడగాలి కూడా. కానీ వాళ్ళిద్దరూ మాట్లాడుకునే భాషలో నేనూ ఒక మాటంటే తప్ప నా వైపు తిరగరనిపించింది. ఆ చీటీయే ఇవాళ్టి పాఠం.

ముందు అసలు మాట. ‘డిసైడ్’ అంటే నిర్ణయించుకోవడం, ‘డెసిషన్’ అంటే నిర్ణయం. పలికేటప్పుడు రెండోదాని చివర ‘షన్’ అని కాక ‘జన్’కి దగ్గరగా పలకాలి. ‘డిసైడ్’ అనే మాటకి మూలం లాటిన్ భాషలో ఉంది, కోసెయ్యడం అని అర్థం. మనం మాత్రం? ‘ఎటూ తెగడం లేదు’, ‘సంగతి తెగ్గొట్టి చెప్పు’ అంటాం కదూ! భాష వేరైనా బుద్ధి ఒకటే. కోసిన వంకాయ మళ్ళీ అతుక్కోదు కాబట్టే కత్తిపీట ముందు కూర్చునే ముందే ఆలోచించుకోవాలి.

నిర్ణయం తీసుకోవడాన్ని ‘టేక్ ఎ డెసిషన్’ అన్నా, ‘మేక్ ఎ డెసిషన్’ అన్నా ఒప్పే. మనకి ‘తీసుకోవడం’ అలవాటు కాబట్టి ‘టేక్’ ముందు వస్తుంది. అమెరికాలో ఉన్న పిల్లలు ఎక్కువగా ‘మేక్’ అంటారు. విని కంగారుపడకండి.

ఇక చీటీలో మొదటి వాక్యం: ‘వాట్ ఆర్ మై ఆప్షన్స్?’ నా ముందున్న దారులేమిటి అని. ఆపరేషను ఒక్కటేనా, మందులున్నాయా, కొన్నాళ్ళు ఆగి చూడొచ్చా అన్నీ ఈ ఒక్క ప్రశ్నలో వచ్చేస్తాయి.

రెండోది: ‘వాట్ ఆర్ ది ప్రోస్ అండ్ కాన్స్?’ దీనికి మన ‘మంచీ చెడ్డా’ సరిగ్గా సరిపోతుంది. ఒక కాగితం మధ్యలో గీత గీసి, ఒక పక్క లాభాలు, ఒక పక్క నష్టాలు రాసుకోండి. చిట్టీ కట్టేటప్పుడైనా, ఇల్లు మారేటప్పుడైనా ఇదే పద్ధతి.

మూడోది: ‘ఐ నీడ్ టైమ్ టు థింక్ ఇట్ ఓవర్.’ ఆలోచించుకోవడానికి నాకు సమయం కావాలి. ఇంకా తేలిగ్గా అనాలంటే ‘లెట్ మీ స్లీప్ ఆన్ ఇట్’. దాని మీద పడుకుంటానని కాదండోయ్! ఒక రాత్రి గడవనిచ్చి, పొద్దున చెబుతానని.

నాలుగోది: ‘ఐ వుడ్ లైక్ ఎ సెకండ్ ఒపీనియన్.’ ఇంకో డాక్టరుకి కూడా చూపించుకోవాలనుకుంటున్నాను అని. దీన్ని ‘సెకండ్ థాట్స్’తో కలిపెయ్యకండి. ఒకసారి సరేనన్నాక మళ్ళీ మనసు పీకుతుంటే ‘ఐయామ్ హేవింగ్ సెకండ్ థాట్స్’ అంటారు.

మనలో చాలామంది చేసే పొరపాటొకటి ఉంది. ‘మా వారితో మాట్లాడి చెబుతాను’ అనడానికి ‘ఐ విల్ డిస్కస్ అబౌట్ ఇట్’ అంటాం. ‘అబౌట్’ అక్కర్లేదు. ‘ఐ విల్ డిస్కస్ ఇట్ విత్ మై హజ్బెండ్’ అంటే చాలు.

ఎటూ తేల్చుకోలేకపోతే ‘ఐయామ్ ఇన్ టూ మైండ్స్’. ‘ఆన్ ది ఫెన్స్’ అని ఇంకోటుంది, కంచె మీద కూర్చోవడం. మన గోడ మీద పిల్లి లాంటిదే గానీ, మనం దాన్ని ఎత్తిపొడుపుగా వాడతాం. ఇంగ్లీషులో ఇంకా తేల్చుకోలేదని మామూలుగా చెప్పడానికీ వాడతారు. చివరికి తేల్చుకున్నాక ‘ఐ హేవ్ మేడ్ అప్ మై మైండ్’. ఈ మేకప్‌కి పౌడరూ కాటుకా అక్కర్లేదు, గుండె నిబ్బరం చాలు.

‘మీ ఇష్టం’ అనడానికి ‘ఇట్స్ అప్ టు యూ’ అంటారు. ఈ వాక్యం రాత్రి కూరకి, సినిమాకి వాడుకోండి. ఆస్పత్రిలో వద్దు.

సరే, నా సంగతి. చీటీ చూస్తూ తడబడుతూనే నాలుగూ అడిగాను. డాక్టరుగారు కళ్ళజోడు సర్దుకుని మొదటిసారి నా వైపు తిరిగి, నాతోనే తెలుగులో మాట్లాడారు. గురువారం ఆపరేషను వాయిదా వేయించుకున్నాం. రెండో చోట చూపిస్తే ఆ డాక్టరమ్మ ‘గడ్డలు చిన్నవి, ముందు మందులతో చూద్దాం, రక్తం తక్కువగా ఉంది కాబట్టి ఐరన్ మాత్రలూ వేసుకోండి’ అన్నారు. మూడు నెలలకి మనిషినయ్యాను. మా పెద్దమ్మ కూతురికి మాత్రం మందులతో లొంగలేదు. తనూ ఇద్దరు డాక్టర్లని అడిగి, తనే సరేనని ఆపరేషను చేయించుకుంది. ఇప్పుడు హాయిగా ఉంది. కాబట్టి ఆపరేషను చెడ్డదని కాదు. అడిగి తెలుసుకుని చేయించుకోవాలని.

ఎందుకింత చెబుతున్నానంటే, 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది, తెలంగాణలో దాదాపు 8 మంది. వీళ్ళలో ఎంతమంది నాలాగా ‘మీ ఇష్టం’ అన్నారో!

చివరగా ఒక పెద్ద మాట: ‘కన్సెంట్’. సమ్మతి అని అర్థం. ఆస్పత్రిలో మన చేత సంతకం పెట్టించే కాగితం ఇదే. ఢిల్లీలో ఒకావిడ పరీక్ష కోసం మత్తులో ఉండగా, ఆవిడ తల్లిని అడిగి గర్భసంచి తీసేశారు. ఆ కేసులో 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రాణాపాయం లేనప్పుడు, తెలివితో చెప్పగలిగిన మనిషి సమ్మతి ఆవిడే ఇవ్వాలి, తల్లి ఇచ్చింది చెల్లదంది. పరీక్షకి ఒప్పుకుంటే ఆపరేషనుకి ఒప్పుకున్నట్టు కాదనీ చెప్పింది. అందుకే సంతకానికి ముందు ‘ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ దిస్ టు మీ ఇన్ తెలుగు’ అనండి. సంతకం పెట్టాక కూడా, ఆపరేషనుకి ముందు, ‘ఐ హేవ్ చేంజ్డ్ మై మైండ్’ అనొచ్చు. మనసు మార్చుకోవడం తప్పేం కాదు.

ఈ వారం హోంవర్కు. వీటిని ఇంగ్లీషులో చెప్పి చూడండి:

1. మా అబ్బాయి ఏ గ్రూపు తీసుకోవాలో ఇంకా తేల్చుకోలేదు.

2. రేపు పొద్దున చెబుతాను, ఆలోచించుకోనివ్వండి.

3. ఇది నా నిర్ణయం.

మూడోది చాలా చిన్న వాక్యం. అద్దం ముందు నిలబడి పదిసార్లు అనండి. నాకు ఆ మాట గొంతు దాటి రావడానికి చాలా రోజులు పట్టింది, మీకు అంత పట్టకూడదు. జవాబులు వచ్చే వారం, బ్యాంకులో వాడే మాటలతో పాటు.

ఉంటానండీ.