‘సోమవారము నేను కన్వీనియంట్’

ఆంగ్లములోని ‘కన్వీనియంట్’ అను విశేషణము చూపునకెంత సాధువో, కొరియా విద్యార్థి నోట బడినప్పుడంత పెంకెతనము చూపును. ‘సోమవారము నేను కన్వీనియంట్’ అని యాతడు సవినయముగా బలుకగా, వినిన యాంగ్లేయునికి ఆ మనుష్యుడే యెవరికో పనికివచ్చు సాధనమైనట్లు తోచును. ఏలయన నీ మాట దినమునకు, స్థలమునకు, పద్ధతికి జెల్లునుగాని మనుష్యునికి సాధారణముగా జెల్లదు. దోషము మాతృభాషాభ్యాసమున బుట్టినది. కొరియా భాషలో ‘ప్యొన్‌హాదా’ అను నొక్క మాటయే వీలునకును, దేహసుఖమునకును, మనసు కుదుటబడుటకును వచ్చును. వీలునకు ‘ప్యొల్లిహాదా’, సుఖమునకు ‘ప్యొనన్‌హాదా’ అని వేఱు మాటలున్నమాట నిజమేగాని, వ్యతిరేకార్థమున రెండింటికిని ‘బుల్ప్యొన్‌హాదా’యే దిక్కగుటచే, కాలు కఱచు చెప్పును, బస్సు రాని పల్లెయు, మాటాడబుద్ధిపుట్టని చుట్టమును ఒక్క పదములోనే యిమిడిపోవుదురు (పాపము, ఆ చుట్టము!). ఆంగ్లమో, పల్లెను ‘ఇన్‌కన్వీనియంట్’ అనియు, చెప్పును ‘అన్‌కంఫర్టబుల్’ అనియు నిర్దయగా విడదీయును. దీనికి దోడు, కొరియా వాక్యము ‘నా మట్టుకు సోమవారము అనుకూలము’ అను తీరున నడచును. ఆ ‘నా మట్టుకు’ అనునదే యాంగ్లానువాదమున కర్తృస్థానమాక్రమించుచున్నది. ‘నాకు వీలు’ అను షష్ఠీప్రయోగమలవడిన తెలుగువాడీ గోతిలో నంత సులభముగా బడడు. నిఘంటువులో నొక పదమునకెదుట నొక పదము వ్రాసి చూపుటవలన నీ చిక్కు వీడదని నా యభిప్రాయము. కావున కొరియాలోని యాంగ్లోపాధ్యాయులారా, అర్థము వ్రాయించుటకు ముందు ‘మండే ఈజ్ కన్వీనియంట్ ఫర్ మీ’ అను వాక్యమును విద్యార్థులచే పదిమాఱులు పలికింపుడు.