సిగ్నల్‌ గీతలున్నా.. కదలని బొమ్మ

మన్యంలో టవరు నిలబెట్టడంతో తీరని సమస్య

పాడేరు: సెల్‌ టవరు లేదన్న మన్యం ప్రజల పాత ఫిర్యాదు ఇప్పుడు కొత్త రూపు దాలుస్తోంది. టవరు వెలిసిన ఊళ్లలోనూ, ఫోనుపై గీతలు నిండుగా కనిపిస్తున్నచోట కూడా, పాఠం వీడియో తెరిస్తే చక్రం తిరుగుతూనే ఉంటోంది. దస్త్రాల్లో మాత్రం అది 4జీ అందిన గ్రామం!

నిధుల కొరత ఉందనడానికి వీల్లేదు. ఆంధ్రప్రదేశ్‌ సహా అయిదు రాష్ట్రాల ఆకాంక్షిత జిల్లాల్లోని 7,287 గ్రామాలకు 4జీ అందించేందుకు 2021 నవంబరులో కేంద్ర మంత్రివర్గం రూ.6,466 కోట్లు అంచనాతో పథకాన్ని ఆమోదించింది. 2022 జులైలో దేశవ్యాప్తంగా 24,680 గ్రామాలకు రూ.26,316 కోట్లతో మరో పథకం వచ్చింది. సేవలు లేని ఊరికి 4జీ చేర్చడం వీటి లక్ష్యం. చేరిన సేవ వీడియోను మోయగలదా అన్నది వేరే ప్రశ్న.

ఒకే కుండలోని నీరు

టవరు సామర్థ్యం అందరూ పంచుకోవలసిన ఆస్తి. 5 మెగాహెర్ట్జ్‌ వెడల్పున్న 4జీ తరంగాల్లో అన్నీ అనుకూలించినా ఒక దిక్కుకు సాధారణంగా సెకనుకు 37 మెగాబిట్లకు మించి రాదు. కొండ అడ్డమైన గూడేనికి అందేది అందులో స్వల్ప భాగమే. సాధారణ స్పష్టత గల వీడియోకు సెకనుకు ఒక మెగాబిట్‌ కావాలి. అంటే గంటకు 450 మెగాబైట్లు. క్రికెట్‌ మ్యాచ్‌ వేళ ముప్పై మంది ఫోన్లు తెరిస్తే, చూసేది ఒకే మ్యాచ్‌ అయినప్పటికీ, ముప్పై ప్రతులు విడివిడిగా పంపాల్సిందే. దూరదర్శన్‌ ప్రసారానికీ దీనికీ ఉన్న మౌలికమైన తేడా ఇదే.

పైగా టవరుకు సమాచారం వచ్చే మార్గం కూడా ఇరుకే. మైదానంలో ఫైబర్‌ తీగ ఉంటుంది. కొండలపై చాలాచోట్ల మైక్రోవేవ్‌ డిష్‌లు, అవీ కుదరకపోతే ఉపగ్రహం ఆధారం. టవరు కింద నిల్చొన్నా వేగం రాకపోవడానికి తరచూ కారణమిదే. ఎన్ని గీతలున్నా ఈ లోపాన్ని చూపలేవు.

సినిమాల విషయంలో సంస్థలు ఉపాయం కనుగొన్నాయి. వీడియోను కొద్ది సెకన్ల ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కను పలు స్థాయుల స్పష్టతతో సిద్ధం చేస్తాయి. వేగం తగ్గితే ఫోను నాసిరకం ముక్కను ఎంచుకుంటుంది. వీలున్నప్పుడు రాబోయే ముక్కలను ముందే నిల్వ చేసుకుంటుంది. బొమ్మ మసకబారినా కథ ఆగదు.

వైద్యుడితో మాట కలిసేదెలా?

అసలు చిక్కు ముఖాముఖి వీడియోలోనే ఉంది. 2019 నవంబరులో ప్రారంభమైన ఈ-సంజీవని కింద ఆరోగ్య కేంద్రంలోని సిబ్బంది రోగిని తెరముందు కూర్చోబెట్టి దూరాన ఉన్న వైద్యుడికి చూపుతారు. ఇక్కడ ముందే నిల్వ చేసుకునేందుకు ఏమీ ఉండదు. రోగి ఆయాసం ఆ క్షణానే వైద్యుడికి కనిపించాలి. భూస్థిర ఉపగ్రహం మీదుగా సాగే టవరైతే ప్రశ్న వెళ్లి జవాబు రావడానికే అర సెకను అదనంగా పడుతుంది.

మరో సంగతి మరుగున పడుతోంది. ఫోనుపై గీతలు చెప్పేది టవరు మాట ఫోనుకు ఎంత వినబడుతోందో మాత్రమే. ఫోను మాట టవరుకు వినబడుతోందా అన్నది అవి చెప్పవు. 4జీ ఫోను ప్రసార శక్తి సాధారణంగా వాటులో అయిదో వంతు. టవరుది పదుల వాట్లలో ఉంటుంది. అందుకే లోయలో సినిమా ఓ మోస్తరుగా కదిలినా రోగి ముఖం వైద్యుడికి చేరదు. చివరకు మాటలతోనే సరిపెట్టుకోవాల్సి వస్తుంది. పసిబిడ్డ ఒంటిపై దద్దుర్లను మాటల్లో ఎంతని వర్ణించగలరు?

బ్రాడ్‌బ్యాండ్‌ అంటే దిగుమతి వేగం కనీసం సెకనుకు 2 మెగాబిట్లు ఉండాలని 2023లో కేంద్రం నిర్వచించింది. ఫోను నుంచి పైకి పంపే వేగం ఆ నిర్వచనంలో లేదు. సేవలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపే పటాలను కంపెనీలు ప్రచురించాలని ట్రాయ్‌ 2024లో నిబంధన తెచ్చింది. మంచిదే, కానీ రంగు పూసిన పటంతో కొండ మీది ఆరోగ్య కేంద్రానికి ఒరిగేది కొంతే. ఫోన్లు లేకుండా.. కాదు, సిమ్‌ లేకుండానే ఫోన్లకు టీవీ ప్రసారాలు అందించే డైరెక్ట్‌ టు మొబైల్‌ ప్రయోగాలు ఫలిస్తే క్రికెట్‌ భారం తగ్గవచ్చు. అయితే దానికి ఫోనులో ప్రత్యేక చిప్‌ అవసరం.

ప్రస్తుతానికి జిల్లా యంత్రాంగం చేయగలిగిన పని ఒకటుంది. ప్రతి ఉపకేంద్రం వద్ద వైద్యుడిని సంప్రదించే వేళల్లో, అలాగే టవరుపై రద్దీ పెరిగే సాయంత్రం వేళ, పైకి వెళ్లే వేగాన్ని కొలిచి నమోదు చేయించడం. ఆ పట్టిక చేతిలో ఉంటే ఏ టవరుకు ముందుగా ఫైబర్‌ వేయాలో సంస్థలను నిలదీసి అడగవచ్చు.