టాస్క్‌ఫోర్స్ సరే, అందులో కూర్చునేదెవరు?

నేను ఎస్సీ సంక్షేమ హాస్టల్లో చదువుకున్నవాణ్ణి. తనిఖీ ఉందంటే మాకు ముందురోజే తెలిసేది. గదుల్లో ఫినాయిల్ వాసన, సాంబారులో ముక్కలు, మాకు నేర్పిపెట్టిన జవాబులు. వచ్చిన అధికారి ఒక్కసారి కూడా వార్డెన్ పక్కన లేకుండా మాతో మాట్లాడలేదు.

అందుకే బాలల సంక్షేమానికి రాష్ట్ర టాస్క్‌ఫోర్స్ అనగానే చప్పట్లు కొట్టలేను. మనకు కమిటీల కరువు లేదు. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం జిల్లా బాలల సంక్షేమ కమిటీ నెలకు కనీసం 20 రోజులు సమావేశం కావాలి. తనిఖీ బృందాలు మూడు నెలలకోసారి ప్రతి హోమ్‌కూ వెళ్లాలి.

మరి బీహార్‌లోని ముజఫర్‌పూర్‌లో ఏం జరిగింది? బాలికల హోమ్‌లోని లైంగిక హింసను 2018లో బయటపెట్టింది టాటా సామాజిక శాస్త్రాల సంస్థ చేసిన సోషల్ ఆడిట్. 2020లో ఢిల్లీ కోర్టు దోషులుగా తేల్చినవారిలో ఆ జిల్లా బాలల సంక్షేమ కమిటీ మాజీ అధ్యక్షుడూ ఉన్నాడు. కంచే చేను మేసింది.

ఆ కమిటీలో అయిదుగురుంటారు. కనీసం ఒక మహిళ, ఒక నిపుణుడు ఉండాలంటుంది చట్టం. దళిత, ఆదివాసీ ప్రాతినిధ్యం గురించి ఆ సెక్షన్‌లో ఒక్క మాట లేదు. పిల్లల గురించి చదివినవాడు నిపుణుడు. ఆ పళ్లెంలో తిన్నవాడు మాత్రం లబ్ధిదారు! జ్ఞానానికీ కులం కట్టడమంటే ఇదే.

అంటరానివారి బాధలు విచారించడానికి బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీలో 1929లో బాబాసాహెబ్ సభ్యుడు. ఆ పర్యటనలోనే చాలీస్‌గావ్‌లో ఆయన్ను ఎక్కించుకోవడానికి టాంగావాలాలు ఒప్పుకోలేదు. తోలడం రానివాడు నడిపిన టాంగాలోంచి పడి ఆయన కాలు విరిగింది. విచారించవలసిన వివక్ష ఏమిటో ఆ సభ్యుడికి ఎవరూ వివరించనక్కర్లేదు.

టాస్క్‌ఫోర్స్ వద్దనడం లేదు. హాస్టల్ ఎస్సీ సంక్షేమ శాఖది, ఆశ్రమ పాఠశాల గిరిజన సంక్షేమ శాఖది, హోమ్ మహిళా శిశు సంక్షేమ శాఖది. బిడ్డ ఒక్కటే, తప్పించుకునే తలుపులు మూడు. వాటన్నిటినీ ఒకేచోట నిలదీసే సంస్థ కావాలి. కానీ సగం మంది సభ్యులు హోమ్‌లలో, హాస్టళ్లలో పెరిగిన దళిత, ఆదివాసీ, బహుజనులు కావాలి. చెప్పకుండా వెళ్లి, పిల్లలతో విడిగా మాట్లాడాలి. నివేదికను శాసనసభ ముందు పెట్టాలి. ఏ సిఫార్సు ఏ తేదీలోగా అమలు చేస్తారో ప్రభుత్వం చెప్పాలి.

ఇవేవీ లేకుంటే అది ఇంకో ఫినాయిల్ రోజు, అంతే.

జై భీమ్.