గృహారోగ్యము: ఎఱ్ఱగీత మందులు



గడచిన మాసమున మా చిన్నవానికి జలుబును, కొద్దిపాటి జ్వరమును తగిలినవి. అంతకుముందు మా అమ్మాయికి చెవిపోటు రాగా వైద్యుడిచ్చిన మాత్రలను, నొప్పి తగ్గినదని మేమే నడుమ నిలిపి, మిగిలిన నాలుగింటిని దాచితిమి. మంచి మందు పాఱవేయనేల యని వానిలో రెండు పిల్లవానికి మ్రింగించితిమి. మూడవనాటికి జలుబు తగ్గినది. మా తెలివికి మేమే మురిసితిమి. బడినుండి వచ్చిన మా వారు ఆ మాత్రల అట్టను త్రిప్పి, "ఈ ఎఱ్ఱగీతను చూచితివా?" యని యడిగిరి. మేము చూడలేదు.

ఆ గీతగల మందును వైద్యుని చీటి లేక వాడరాదని 2016లో కేంద్రప్రభుత్వమువారు ప్రచారమారంభించిరి. యాంటీబయాటిక్కులు అట్టివి. అవి బాక్టీరియా యను క్రిములపై పనిచేయును. జలుబు వైరసులవలన వచ్చును; వానిని ఇవి యేమియు చేయజాలవు. మావాని జలుబు తనంత తానే తగ్గినదన్నమాట.

మందు వృథాయైన మాత్రముననే పోదు. వేరుసెనగ చేనిలో పైపైన కలుపు తీసినచో లేతగడ్డి పోయి, వేరు బలిసిన గరిక నిలిచి చేనంతయు నల్లుకొనును. అనవసరముగను, అరకొఱగను మందు వాడినను అంతే. ఓర్చుకొన్న క్రిములు మిగిలి వృద్ధిపొందును. మొండిబాఱునది మన దేహము కాదు, క్రిమి. అది ఒకరినుండి యొకరికి ప్రాకును. మా రేణిగుంటలో గూడూరు, గుంతకల్లు, అరక్కోణము, తిరుపతి దారులు కలియును. ఏ రైలులోనైనను ఆ క్రిమి టిక్కెట్టు లేకయే పయనించును.

పెనిసిలిన్ కనుగొన్న ఫ్లెమింగుగారు 1945లోనే ఈ యపాయమును హెచ్చరించిరి. భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో పరిశోధనలు నడపిన లెడర్లీ సంస్థనుండి 1948లో ఆరియోమైసిన్ వెలువడినది. టెట్రాసైక్లిన్ జాతికి అదియే మొదటిది. నేడు ఆ జాతి మందులకు లొంగని క్రిములు పెక్కు గలవు.

కావున వైద్యుడు వ్రాసిననే ఈ మందు కొనవలెను. చెప్పిన మోతాదున, చెప్పినన్ని దినములు వాడవలెను. ఒకరి మందు వేఱొకరికి ఈయరాదు. వైద్యుడు అక్కఱలేదన్నచో బలవంతపెట్టరాదు.

నిన్న ప్రక్కయింటి పిన్నిగారు దగ్గుతో వచ్చి, "ఆ మాత్రలు రెండున్నవా?" యని యడిగిరి. ఉప్పైనను, చింతపండైనను లేదనియెఱుగని యిల్లు మాది. ఈ యొక్కటి మాత్రము లేదంటిమి. ఆమె మొగము చిన్నబుచ్చుకొనిరి. కూర్చుండబెట్టి ఎఱ్ఱగీత కథ చెప్పి, సాయంకాలము వైద్యునికడకు మేమే తోడుపోయితిమి.